అడుగుల చరిత్ర - 11: కంచె అవతలి నేల

1935 ఏప్రిల్ 14, ఆదివారం. ఓక్లహోమా, టెక్సస్ మైదానాల మీద పట్టపగలే చీకటి పడింది. ఉత్తరం దిక్కునుంచి కొండలా కదిలివచ్చిన దుమ్ము ఊళ్ళకు ఊళ్ళను కమ్మేసింది. చాచిన చెయ్యి కంటికి ఆనలేదని ఆ రోజు అక్కడున్నవాళ్ళు చెప్పుకున్నారు. అమెరికన్లు దాన్ని ఇప్పటికీ నల్ల ఆదివారం అంటారు. నేరం గాలిది మాత్రమే కాదు. వేల ఏళ్ళుగా గడ్డివేళ్ళు పట్టి ఉంచిన నేలను కొద్ది దశాబ్దాల్లో నాగళ్ళతో, ట్రాక్టర్లతో తిరగేసి గోధుమ వేశారు. వానలు మొహం చాటేసేసరికి ఆ మన్ను లేచిపోయింది. ఏప్రిల్ 27న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నేల పరిరక్షణ చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ మర్నాడు న్యూయార్క్ గిల్డ్ థియేటర్‌లో మార్తా గ్రాహమ్ ‘ఫ్రాంటియర్’ అనే ఏకపాత్ర నృత్యాన్ని మొదటిసారి ఆడింది.

వేదిక మీద ఉన్నది అడ్డకర్రల కంచె ముక్క ఒకటి. దాని వెనకనుంచి రెండు మోకులు చెరోవైపుకు సాగి వేదిక పైమూలల్లో మాయమవుతాయి. కొండల్లేవు, గుర్రాల్లేవు, గుడిసె లేదు. ఆ రెండు తాళ్ళూ చూసేవాళ్ళ చూపును దూరానికి లాక్కుపోతాయి. ఈ రంగాలంకరణ చేసిన ఇసాము నొగూచికి అప్పుడు ముప్పై ఏళ్ళు. జపనీస్ తండ్రికీ అమెరికన్ తల్లికీ పుట్టిన శిల్పి. గ్రాహమ్ కోసం అతను చేసిన మొదటి రంగాలంకరణ ఇదే. అతని లెక్కలో శిల్పం ఆ తాడు కాదు, తాళ్ళ మధ్య ఏర్పడ్డ ఖాళీ. ఈ వారం కథంతా ఆ ఖాళీ గురించే.

కంచెను ఆనుకుని, ఒక కాలు దాని మీదికి చాచి, వెన్ను నిటారుగా నిలిపిన ఒక స్త్రీ దూరానికి చూస్తూ ఉంటుంది. పొడవాటి గౌను, లోపల తెల్లని చొక్కా. కాసేపటికి కంచెను వదిలి చిన్నచిన్న అడుగులతో ప్రేక్షకుల మీదికి నడిచివస్తుంది. వెనక్కి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఒక్క ఊపులో కాలు తలెత్తుకు లేస్తుంది. ఒకచోట ఆమె పాదాలు నేల మీద చదరం గీస్తాయి, ఇల్లు కట్టబోయే జాగాలో ముగ్గు పోసినట్టు. ఇంకోచోట చేతులు రెండూ ఒళ్ళో లేని బిడ్డను ఊపుతాయి. లూయీ హార్స్ట్ సంగీతానికి కొద్ది నిమిషాలపాటు ఇదంతా జరిగాక ఆమె తిరిగి కంచె దగ్గరికే చేరుతుంది.

ఈ చిన్న నృత్యం ఎంత పెద్ద కథకు ఎదురు నిలిచిందో తెలియాలంటే నలభై రెండేళ్ళు వెనక్కి పోవాలి.

1893 జులై 12న షికాగోలో, ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో, చరిత్రకారుల సభలో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే యువ ఆచార్యుడు ఒక పత్రం చదివాడు. పడమటికి జరుగుతూ పోయిన సరిహద్దే అమెరికన్‌ను తయారుచేసిందని అతని వాదం. ఖాళీ నేల, అడవితో పోరు, ఒంటరి మనిషి తెగువ, వీటిలోంచే ప్రజాస్వామ్యం పుట్టిందన్నాడు. ఆ ఒంటరి మనిషి మగవాడని వేరే చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. అదే వేసవిలో, అదే ఊళ్ళో, ప్రదర్శన ప్రాంగణం పక్కనే స్థలం అద్దెకు తీసుకుని బఫెలో బిల్ కోడీ తన ‘వైల్డ్ వెస్ట్’ ఆడించాడు. గుర్రాలు, తుపాకులు, దాడికి వచ్చే ఇండియన్లు (అమెరికా ఆదివాసులు), ఆఖరి క్షణంలో దూసుకొచ్చి కాపాడే కోడీ. టర్నర్ పత్రాన్ని పండితులు చదివారు. కోడీ ఆటను దేశమంతా చూసింది. ఆ గుడారంలో గురి తప్పకుండా తుపాకీ పేల్చిన ఆనీ ఓక్లీ ఒహాయోలో పుట్టిపెరిగిన పిల్ల. పడమటి వీరనారిగా ఆమె పుట్టింది ప్రదర్శనలోనే.

కోడీ గుడారానికి ఇంకో లోపలి కథ ఉంది. 1883లోనే అమెరికా ప్రభుత్వం ఆదివాసుల సూర్యనృత్యం లాంటి వాటిని నేరాల జాబితాలో చేర్చింది. నాట్యమాడితే రేషన్ కోత, మళ్ళీ ఆడితే ఖైదు. 1890లో లకోటా తెగలో ఘోస్ట్ డాన్స్ వ్యాపించింది. చనిపోయినవాళ్ళు తిరిగొస్తారు, పోయిన దున్నల మందలు తిరిగొస్తాయి అన్న ఆశతో చెయ్యీ చెయ్యీ పట్టుకుని వలయంగా ఆడే నృత్యం అది. దాన్ని చూసి ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. ఆ ఏడాది డిసెంబర్ 29న వూండెడ్ నీ వాగు దగ్గర ఆడవాళ్ళూ పిల్లలూ సహా కనీసం 250 మందిని కాల్చి చంపారు. మరుసటి ఏడాది, ఆ నృత్యం నడిపినందుకు ఫోర్ట్ షెరిడన్‌లో ఖైదు చేసిన లకోటా నాయకులను కోడీకి అప్పగిస్తే అతను వాళ్ళను యూరప్ తీసుకెళ్ళి ఆటలో పెట్టాడు. సొంత ఊళ్ళో ఆడితే నేరం, డేరాలో టికెట్ కొన్నవాళ్ళ ముందు ఆడితే కళ. పడమటి సరిహద్దు మీద నాట్యం గురించి రాసేవాళ్ళెవరైనా ఇక్కడినుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ నేల మీద జరిగిన మొదటి నృత్యం గ్రాహమ్‌ది కాదు.

ఈ పడమటి సరిహద్దు పురాణం మనదాకా కూడా వచ్చింది. 1971లో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ తీస్తే తెలుగు తెర మీద కౌబాయ్ టోపీ, తుపాకీ పట్టీ, ఇసుక నేల మీద గుర్రపు స్వారీ కనిపించాయి. అప్పటికి హాలీవుడ్‌లోనూ ఇటలీలోనూ నలిగిన కథ అది. ఆ టోపీతో పాటు ఎవరూ లేని విశాలమైన నేల, దాని మధ్య ఒంటరి మగవాడు అన్న ఊహ కూడా దిగుమతి అయింది.

ఇప్పుడు గ్రాహమ్ చేసిన పని చూడండి. గత సంచికల్లో రూత్ సెయింట్ డెనిస్ ‘రాధ’ను చూశాం. ఒక అమెరికన్ స్త్రీ స్వేచ్ఛగా కదలాలంటే మరో దేశపు దేవత వేషం వేసుకోవాల్సి వచ్చిన రోజులవి. ఆ బడిలోనే తయారైన గ్రాహమ్ 1923లో అందులోంచి బయటికొచ్చింది. 1926లో సొంత బృందం పెట్టింది. పరాయి దేవతల నగలన్నీ ఒలిచేసి, ఉత్త పాదాలతో, ఉచ్ఛ్వాస నిశ్వాసాల మీద కట్టిన కొత్త భాషను తయారుచేసింది. 1894లో పెన్సిల్వేనియాలో, అలెగెనీ నది ఒడ్డున అదే పేరున్న ఊళ్ళో పుట్టిన ఈమె పద్నాలుగేళ్ళ వయసులో కుటుంబంతో రైల్లో కాలిఫోర్నియాకు తరలిపోయింది. ఎంత పోయినా తరగని మైదానంలో మెరుస్తూ సాగిపోయిన రైలు పట్టాలు ఆమె మనసులో నిలిచిపోయాయి. నొగూచి తాళ్ళు ఆ పట్టాలే.

‘ఫ్రాంటియర్’లో మగవాడు రాడు. ఆమె ఎవరికోసమూ ఎదురుచూడదు, ఎవరూ ఆమెను కాపాడరు. చూపు ఆమెది, కొలత ఆమెది, చదరం గీసిన పాదాలు ఆమెవి. చరిత్రలో ఇందుకు ఆధారం కూడా ఉంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఇంటి యజమాని ఎవరైనా సరే, ఐదేళ్ళు కాపురముండి సాగుచేస్తే 160 ఎకరాలు ఇస్తానంది. పెళ్ళికాని ఆడపిల్లలు, విధవలు వేల సంఖ్యలో దరఖాస్తులు పెట్టి, మట్టి పెళ్ళల ఇళ్ళు కట్టుకుని భూమి సంపాదించారు. మొగుడున్న ఆడదానికి మాత్రం ఆ హక్కు లేదు. వయోమింగ్ ప్రాంతం 1869లోనే స్త్రీలకు ఓటు ఇచ్చింది. టర్నర్ పత్రంలో కనిపించని ఈ మనుషులను కొద్ది నిమిషాల్లో, ఒక్క మాట లేకుండా గ్రాహమ్ తెచ్చి నిలబెట్టింది. ఇది చిన్న విషయం కాదు. ‘ఫ్రాంటియర్’ను తెర మీద ఎప్పుడు చూసినా ఆ మొదటి కాలు ఊపుకు నా వెన్ను నిటారవుతుంది.

అయినా ఆ తాళ్ళ మధ్య ఖాళీ అలాగే ఉంది. ఆ 160 ఎకరాలు ఎవరివి? గడ్డి మైదానం ఎవరూ లేని చోటా? గ్రాహమ్‌కు ఈ ప్రశ్న తట్టలేదనలేం. 1930లో న్యూ మెక్సికో వెళ్ళి అక్కడి నృత్యాలు చూసింది. మరుసటి ఏడాది చేసిన ‘ప్రిమిటివ్ మిస్టరీస్’లో ఆ ఊపిరి ఉంది. సరిగ్గా ఆ ముందు పదేళ్ళలోనే ఆదివాసీ వ్యవహారాల కమిషనర్ చార్లెస్ బర్క్ సర్క్యులర్లు ఇచ్చి ఆ నృత్యాలను కట్టడి చేయాలని చూశాడు. 1933లో కొత్త కమిషనర్ జాన్ కాలియర్ వచ్చాకే ఆ ఒత్తిడి సడలింది. గ్రాహమ్ 1938లో ‘అమెరికన్ డాక్యుమెంట్’ చేసినప్పుడు పోయిన నేల కోసం ఒక విలాపాన్ని కూడా పెట్టింది. దాన్ని ఆడినవాళ్ళు మాత్రం ఆదివాసులు కారు. దుఃఖం వేదిక మీదికి వచ్చింది, దుఃఖించినవాళ్ళు రాలేదు.

ఇక రెండో పేరు ఆగ్నెస్ డి మిల్. హాలీవుడ్ దర్శకుడు సెసిల్ బి. డి మిల్ ఆమెకు బాబాయి. 1942 అక్టోబర్ 16న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో ఆమె కూర్చిన ‘రోడియో’ బ్యాలే వేదికెక్కింది. సంగీతం ఏరన్ కోప్లండ్. ఆడింది బ్యాలే రూస్ డి మాంటీ కార్లో, అంటే రష్యన్ ఒరవడి బృందం. రాకుమారుల్లా నడవడం నేర్చిన మగవాళ్ళకు లేని గుర్రమెక్కి లేని కళ్ళెం లాగడం, దొడ్డికాళ్ళతో నడవడం డి మిల్ నేర్పింది. కథ ఒక మగరాయుడి లాంటి పిల్లది. చొక్కా ప్యాంటు వేసుకుని కుర్రాళ్ళతో సమానంగా స్వారీ చేయాలనుకుంటుంది. వాళ్ళు కలుపుకోరు, గౌన్ల ఆడపిల్లలూ కలుపుకోరు. ఆ పాత్ర డి మిల్ తానే ఆడింది. జనం ఇరవై రెండుసార్లు తెర తీయించారు.

చివర్లో ఆ పిల్ల గౌను వేసుకుని రిబ్బన్ కట్టుకుంటుంది, అప్పుడే ఆమెకు జోడీ దొరుకుతాడు. ఈ ముగింపు మీద స్త్రీవాద విమర్శకులు చాలా రాశారు. నాకు మాత్రం ఆ బ్యాలేలో నిలిచేది ముగింపు కాదు. మధ్యలో అందరూ జంటలు కట్టి ఆడుతుంటే ఈ పిల్ల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటుకు తుడుచుకుంటూ పక్కన నిలబడిపోయే ఘట్టం. ఆ ఇబ్బందిని అంతకుముందు ఏ బ్యాలే నాయికకూ ఎవరూ ఇవ్వలేదు.

ఆ బృందంలోనే ఆ ఏడాది చేరిన పదిహేడేళ్ళ పిల్ల ఒకతె ఉంది. ఓక్లహోమాలోని ఫెయిర్‌ఫాక్స్‌లో పుట్టిన ఓసేజ్ తెగ అమ్మాయి, ఎలిజబెత్ మరీ టాల్‌చీఫ్. తమ నేల కింద చమురు పడడంతో ఓసేజ్ వాళ్ళు డబ్బున్నవాళ్ళయ్యారు. ఆ డబ్బు కోసమే 1920లలో ఆ ప్రాంతంలో వరసగా హత్యలు జరిగాయి. చిన్నప్పుడు ఆమెకూ ఆమె సోదరికీ కుచ్చుల తోలు దుస్తులు, ఈకల పట్టీలు, కాళ్ళకు గజ్జెలు కట్టి సంతల్లో, రోడియోల్లో ‘ఇండియన్ నృత్యం’ ఆడించారు. అది ఓసేజ్ నృత్యమేమీ కాదని ఆమె తన ఆత్మకథలో రాసుకుంది. అసలైన వేడుకలకు నాయనమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళేది, అవి మారుమూల చోట్ల చాటుగా జరిగేవి. ‘రోడియో’ రోజుల్లోనే డి మిల్ సలహా మీద ఆమె పేరు మరియా టాల్‌చీఫ్ అయింది. ఇంటిపేరును రష్యన్ పద్ధతిలో టాల్‌చీవా చేసుకోమని బృందంవాళ్ళు అడిగితే మాత్రం ససేమిరా అంది. 1949లో ‘ఫైర్‌బర్డ్’తో అమెరికా గర్వించే నర్తకి అయింది. ఓక్లహోమానుంచి వచ్చిన ఐదుగురు ఆదివాసీ బ్యాలే నర్తకుల్లో ఆమె ఒకతె. కౌగర్ల్ కథ తయారవుతున్న గదిలోనే, ఆ నేల అసలు బిడ్డ నిలబడి అభ్యాసం చేస్తోంది. ఆ కథలో ఆమెకు చోటు లేదు, ఆమె తెగకూ లేదు.

‘రోడియో’ చూసిన రాడ్జర్స్, హామర్‌స్టీన్ జంట డి మిల్‌ను తమ కొత్త సంగీత నాటకానికి పిలిచింది. 1943 మార్చి 31న మొదలైన ‘ఓక్లహోమా!’ 2,212 ఆటలు ఆడింది. నాయిక లారీ కలగనే ఘట్టానికి రచయిత సర్కస్ కల అనుకున్నాడు. ఆడపిల్లలు అలాంటి కలలు కనరని డి మిల్ కొట్టిపారేసింది. ఆమె కూర్చిన కలలో పెళ్ళి వేషం ఉంది. ఆ వెంటనే, పనివాడి గది గోడ మీద అంటించి ఉన్న బొమ్మల్లోని ఆడవాళ్ళు దిగివస్తారు, వాళ్ళ ముఖాల్లో ఏ భావమూ ఉండదు. ప్రియుడు చచ్చిపోతాడు, భయపెట్టేవాడు ఆమెను ఎత్తుకుపోతాడు. పచ్చని పొలాల మధ్య ఆడపిల్ల భయాన్ని, కోరికను ఒకేచోట చూపిన మొదటి బ్రాడ్‌వే నృత్యం బహుశా ఇదే. అంత ఆడినా నృత్యకర్తగా ఆమెకు ఆ కూర్పు మీద కాపీరైట్ లేదు. అమెరికా చట్టం నృత్య రచనను పేరుపెట్టి గుర్తించింది 1976లో.

ఆ నాటకానికి మూలం 1931 నాటి ‘గ్రీన్ గ్రో ద లైలాక్స్’. రాసిన లిన్ రిగ్స్ చెరోకీ మనిషి, ఇండియన్ టెరిటరీలో 1899లో పుట్టాడు. 1838లో చెరోకీలను తూర్పునుంచి తరిమి ఆ నేలకే చేర్చారు. అది ఎప్పటికీ మీదే అన్నారు. 1889 ఏప్రిల్ 22 మధ్యాహ్నం తుపాకీ పేల్చి, పక్కనున్న దాదాపు ఇరవై లక్షల ఎకరాలకు తెల్లవాళ్ళను పరుగు పందెం పెట్టించారు. 1905లో తెగలన్నీ కలిసి సెకోయా పేరుతో సొంత రాష్ట్రం అడిగితే కాంగ్రెస్ పట్టించుకోలేదు. 1907లో ఓక్లహోమా రాష్ట్రమైంది. రిగ్స్ పాత్రలకు తమలో ఉన్న ఇండియన్ రక్తం గుర్తుంది. పాటల నాటకంలోకి వచ్చేసరికి ఆ ఊసే లేదు.

‘ఓక్లహోమా!’ మొదలైన మరుసటి ఏడాదికి వద్దాం. 1944 అక్టోబర్ 30, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చిన్న ప్రేక్షక మందిరం. గ్రాహమ్ ‘అపలేచియన్ స్ప్రింగ్’. కోప్లండ్ పదమూడు వాద్యాలకు రాసిన సంగీతం. పెన్సిల్వేనియా కొండల్లో కొత్తగా కట్టిన ఇల్లు, కొత్త పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, ముందుతరం స్త్రీ ఒకామె, నరకం గురించి ఉరిమే బోధకుడు, అతని చుట్టూ నలుగురు భక్తురాళ్ళు. పెళ్ళికూతురు గ్రాహమే, అప్పుడామెకు యాభై ఏళ్ళు. పెళ్ళికొడుకు ఎరిక్ హాకిన్స్, బోధకుడు మర్స్ కనింగ్‌హమ్. రంగాలంకరణ మళ్ళీ నొగూచిదే. మరుసటి ఏడాది కోప్లండ్‌కు పులిట్జర్ వచ్చింది. అమెరికా తన గురించి తాను ఇష్టపడే చిత్రం ఏదంటే ఈ నృత్యాన్నే చూపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

గ్రాహమ్ కోప్లండ్‌కు పంపిన తొలి రాతప్రతుల్లో ఇంకో పాత్ర ఉంది, ఒక ఇండియన్ బాలిక. ఆ పిల్ల చివరిదాకా రాలేదు. కొట్టేసిన వాక్యాల్లోనే ఆగిపోయింది.

ఆ నలుగురు భక్తురాళ్ళలో ఒకామె పేరు యురికో. 1920లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పుట్టిన అమెరికన్. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత 1942 ఫిబ్రవరి 19న వెలువడిన ఉత్తర్వుతో పడమటి తీరంలోని జపనీస్ మూలాలున్న లక్షమందికి పైగా మనుషులను ముళ్ళకంచెల వెనక పెట్టారు. వాళ్ళలో మూడింట రెండువంతుల మంది అమెరికా పౌరులే. యురికోను అరిజోనాలోని గిలా రివర్ శిబిరానికి పంపారు. ఎడారి దుమ్ములో, బారకాసుల్లో ఆమె పిల్లలకు నాట్యం నేర్పింది. 1943లో విడుదలై న్యూయార్క్ చేరి, కుట్టుపని చేసుకుంటూ గ్రాహమ్ బడికి వెళ్ళింది. బృందానికి దుస్తులు కుట్టింది. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో, తనను కంచెలో పెట్టిన ప్రభుత్వపు గ్రంథాలయంలోనే, అమెరికా తొలి కాపురాల కథలో అడుగులు వేసింది. యుద్ధం ఇంకా సాగుతోంది, శిబిరాలు ఇంకా నిండుగానే ఉన్నాయి.

నొగూచి న్యూయార్క్‌లో ఉండేవాడు కాబట్టి ఆ ఉత్తర్వు అతనికి వర్తించలేదు. అయినా తనవాళ్ళకు ఏమైనా చేయాలని 1942లో తనంతట తానే అరిజోనాలోని పోస్టన్ శిబిరంలోకి వెళ్ళాడు. తోటలు, పార్కులు గీసి ఇస్తే ఎవరూ కట్టలేదు. బయటికి రావడానికి నెలలు పట్టింది. ఈ పోస్టన్, ఆ గిలా రివర్ రెండూ ఆదివాసీ రిజర్వేషన్ల భూములు. తెగల అభ్యంతరాలను పక్కకు నెట్టి ప్రభుత్వం అక్కడ శిబిరాలు కట్టింది. ఒకరి నేలను లాక్కుని మరొకరిని అక్కడ బంధించారు. ఆ శిబిరాల్లో ఉన్న నొగూచి, యురికోలే వచ్చి ‘అపలేచియన్ స్ప్రింగ్’ ఇల్లు కట్టారు, అందులో ఆడారు. గ్రాహమ్ వీళ్ళను పిలిచి పని ఇవ్వడం ఆ రోజుల్లో ధైర్యమే. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు రమ్మని నాజీలు పిలిస్తే తన బృందంలో యూదులున్నారని చెప్పి తిరగ్గొట్టిన మనిషి ఆమె. వేదిక మీద ఎవరు ఆడతారన్న విషయంలో గ్రాహమ్ కాలానికి ముందుంది. ఆ వేదిక ఏ కథ చెబుతుందన్న దగ్గర మాత్రం తన కాలంలోనే ఉంది.

ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో ఈ నృత్యం విదేశాంగ శాఖ సామాను అయింది. 1955-56లో ప్రభుత్వ ఖర్చుతో గ్రాహమ్ బృందం ఆసియా అంతా తిరుగుతూ మన దేశానికీ వచ్చింది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలకు అమెరికా తనను తాను పరిచయం చేసుకోవడానికి పంపిన చిత్రం అది: కొత్త ఇల్లు, కొత్త జంట, ఎవరిదీ కాని కొండ.

ఆ కొండల్లోనే పుట్టిన జవాబు దాదాపు పాతికేళ్ళ తర్వాత న్యూయార్క్ చేరింది. అపలేచియన్లలో భాగమైన వర్జీనియా బ్లూ రిడ్జ్ కొండల్లో బతికిన తన ముందుతరం ఆడవాళ్ళ కథను లోయిస్ వీవర్, పెగీ షా, డెబ్ మార్గోలిన్‌లతో కలిసి 1980ల మొదట్లో ‘స్ప్లిట్ బ్రిచెస్’గా ఆడింది. పొలంలో పని ఆపకుండా నిలబడే మూత్రం పోసుకోవడానికి వీలుగా చీలిక వదిలి కుట్టిన లాగు పేరే ఆ నాటకానికి పేరు, ఆ బృందానికీ పేరు. ఇందులో కథ అంటూ పెద్దగా ఉండదు. వంటగది, పొయ్యి, అర్థంలేని కోపాలు, ఒకరిమీద ఒకరికి చెప్పుకోని ప్రేమ. గ్రాహమ్ పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడి భవిష్యత్తును చూస్తుంది, ఈ ముసలివాళ్ళు ఆ భవిష్యత్తులో బతికి అలిసిపోయినవాళ్ళు.

వీవర్, షా ఇద్దరూ అంతకుముందు పనిచేసింది స్పైడర్‌వుమన్ థియేటర్‌లో. నేను ఈ సంచిక రాయడానికి అసలు కారణం ఆ బృందమే.

బ్రూక్లిన్‌లో పెరిగిన ముగ్గురు అక్కచెల్లెళ్ళు లీసా మేయో, గ్లోరియా మిగెల్, మురియల్ మిగెల్. తండ్రి పనామా దీవులనుంచి వచ్చిన కూనా మనిషి, తల్లి వర్జీనియా రాపహానక్ తెగ. బతుకుతెరువు కోసం ఈ కుటుంబం ఈకల తలపాగాలు పెట్టుకుని, జనం చూడాలనుకునే ఇండియన్ వేషంలో మందులమ్మే ఆటలు ఆడింది. పిల్లలూ ఆడారు. కోడీ గుడారపు చివరి అంచు అది. మురియల్ పెద్దయ్యాక ఆధునిక నృత్యం నేర్చుకుంది. ఆమె గురువుల్లో ఒకరు ఎరిక్ హాకిన్స్, ‘అపలేచియన్ స్ప్రింగ్’ పెళ్ళికొడుకు. 1963లో థండర్‌బర్డ్ అమెరికన్ ఇండియన్ డాన్సర్స్ స్థాపనలో పాలుపంచుకుంది. 1976లో అక్కలను, మరికొందరు స్త్రీలను కూడగట్టి స్పైడర్‌వుమన్ మొదలుపెట్టింది. హోపీ తెగ కథల్లో మనుషులకు నేత నేర్పిన సాలెపురుగు అమ్మ పేరు అది.

వాళ్ళ పని తీరు కూడా నేతే. ఒక్కొక్కరూ తమ సొంత కథ తెస్తారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు దాన్ని ఒంటితో ఆడతారు, మూడో మనిషి పాట అందుకుంటుంది. కథలు ఒకదానిమీదికొకటి ఎక్కుతాయి, తెగుతాయి, ముడిపడతాయి. వెనక తెరగా వేలాడేది ఒక పెద్ద బొంత. కూనా ఆడవాళ్ళు కుట్టే మోలా గుడ్డలు, పాత బట్టల ముక్కలు కలిపి కుట్టింది. ఆడే ఒళ్ళు నర్తకుల సన్నని ఒళ్ళు కావు. నడివయసు దాటిన, బరువైన, నవ్వే ఒళ్ళు. అవే చాలని వాళ్ళు నిలబడ్డారు. మొదటి నాటకం ‘విమెన్ ఇన్ వయొలెన్స్’ తమ ఇళ్ళల్లో తాము పడ్డ దెబ్బల గురించే.

1980ల చివర్లో వచ్చిన ‘విన్నెటూస్ స్నేక్ ఆయిల్ షో ఫ్రమ్ విగ్వామ్ సిటీ’ సరాసరి బఫెలో బిల్ గుడారం మీదికి వెళ్ళింది. విన్నెటూ అంటే జర్మన్ రచయిత కార్ల్ మే సృష్టించిన అపాచీ వీరుడు. ఆ నవల 1893లోనే వచ్చింది, టర్నర్ పత్రం చదివిన ఏడాదే. అప్పటికి మే అమెరికా నేల మీద కాలుపెట్టలేదు. అక్కచెల్లెళ్ళు ముగ్గురూ, వాళ్ళతో హోర్టెన్సియా కొలొరాడో, కట్టె గుర్రాల స్వారీలు, గురి తప్పని తుపాకులు, ఏ జబ్బునైనా కుదిర్చే నూనె సీసాలు, డబ్బులిస్తే తెల్లవాళ్ళను ఇండియన్లుగా మార్చే శిక్షణ శిబిరం, అన్నీ ఆడి చూపించారు. ప్రేక్షకులు పడీపడీ నవ్వుతారు. నవ్వు మధ్యలోనే ఆట ఆగుతుంది. వేషాలు పక్కనపెట్టి, తాము ఎవరో, తమ అమ్మ ఎవరో, తమ దేవుళ్ళను ఎవరూ కొనలేరని చెబుతారు. చిన్నప్పుడు పొట్టకూటికి తాము వేసిన వేషాన్నే పెద్ద వయసులో వేదిక మీద విప్పి చూపడం, ఇంతకంటే ధైర్యమైన చరిత్ర రచన నాకు తెలియదు.

గ్రాహమ్ మగవాడి చోట స్త్రీని నిలిపింది. డి మిల్ ఆ స్త్రీకి భయాన్ని, ఇబ్బందిని ఇచ్చింది. ఇద్దరూ నేలను ఖాళీగానే ఉంచారు. ఆ ఖాళీ అబద్ధమని వేదిక ఎక్కి చెప్పినవాళ్ళు ఈ అక్కచెల్లెళ్ళు. అందుకే స్త్రీవాద నృత్య చరిత్రలు గ్రాహమ్‌కు అధ్యాయాలు రాసి స్పైడర్‌వుమన్‌కు ఒక పేరా కేటాయించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

2019లో బ్రాడ్‌వే ‘ఓక్లహోమా!’ను కొత్తగా ఆడించినప్పుడు డి మిల్ కల ఘట్టాన్ని జాన్ హెగిన్‌బాథమ్ మార్చి కూర్చాడు. గుండు చేసుకున్న నల్లజాతి నర్తకి గాబ్రియెల్ హామిల్టన్ తళుకుల టీ షర్టులో ఒక్కతే ఆడింది, పైనుంచి కౌబాయ్ బూట్లు దబదబా నేల మీద పడ్డాయి. కలలో కౌబాయ్ బదులు అతని బూట్లే మిగిలాయి.

ఆ ఖాళీ అబద్ధమని చెప్పే పని ఇవాళ ఎక్కువగా ఆదివాసీ స్త్రీల చేతుల్లోనే ఉంది. సెనెకా తెగ నృత్యకర్త రోజీ సిమస్ 2014లో ‘వి వెయిట్ ఇన్ ద డార్క్‌నెస్’ను తన అమ్మమ్మ ఉత్తరాల్లోంచి అల్లింది. 1794లో జార్జి వాషింగ్టన్ ప్రభుత్వం సెనెకాలకు రాసిచ్చిన ఒప్పందాన్ని కాదని, అలెగెనీ నది మీద కట్టిన కిన్జువా ఆనకట్ట 1965కల్లా వాళ్ళ నేలను సుమారు 10,000 ఎకరాలు ముంచేసింది. గ్రాహమ్ పుట్టిన ఊరి పక్కన పారే నది అదే.

అలాస్కాలో పుట్టిన యూపిక్ నృత్యకర్త ఎమిలీ జాన్సన్ 2017లో న్యూయార్క్ రాండాల్స్ దీవిలో పొద్దుగూకినప్పటినుంచి తెల్లవారేదాకా ఒక రాత్రంతా సాగే ప్రదర్శన చేసింది. ఓజిబ్వే తెగ కళాకారిణి మ్యాగీ థాంప్సన్ రూపకల్పనలో ఎన్నో ఊళ్ళ జనం కూర్చుని కుట్టిన బొంతలు నేల మీద పరిచారు. కొలిస్తే 4,000 చదరపు అడుగులు. ప్రేక్షకులు వాటిమీదే కూర్చున్నారు, తిన్నారు, పడుకున్నారు, మధ్యమధ్యలో నాట్యం చూశారు. జాన్సన్ తనను పిలిచే థియేటర్లకు ఒప్పందంతో పాటు ఒక షరతుల పత్రం పంపుతుంది. ఆ భవనం ఏ తెగ నేల మీద ఉందో బయటికి చెప్పడం, ఆ తెగవాళ్ళతో సంబంధం కలుపుకుని దాన్ని కొనసాగించడం, ఆదివాసీ కళాకారులకు తమ వేదిక మీద చోటివ్వడం లాంటివి అందులో ఉంటాయి. సంతకం చేయకముందే వీటిమీద మాట్లాడుకోవాలంటుంది.

(వచ్చే సంచికలో: 1935లోనే షికాగోనుంచి కరీబియన్ దీవులకు ఓడెక్కిన క్యాథరిన్ డనమ్, హైతీ డప్పులు)